గరిటెడు శాంతి

కటింగ్ మాస్టారు కేక వేస్తే వీధి చివర కుక్క కూడా లేచి కూర్చునేది. టీ చల్లారితే ఒక కేక, గుండీ ఊడితే ఒక కేక. కుట్టుషాపులో ఆయనకు పెట్టిన పేరు టపాకాయ. అయినా చేతిలో కత్తెర పడిందంటే గీత తప్పేది కాదు కనుక, తిట్లు తిని మరీ ఆయన దగ్గరే కోట్లు కుట్టించుకునేవారు జనం.

ఏళ్ల తరబడి ఆ కేకలు విన్న భార్యకు ఒక్కటే కోరిక మిగిలింది, ఇంట్లో కాస్త ప్రశాంతత. ఆయనకు రక్తపోటు ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ చెప్పగానే ఆవిడ ఉప్పుడబ్బానే అటకెక్కించింది. నరాలు చల్లబడతాయంటూ ఆవిడ అన్నయ్య ఏదో పాతకాలపు బ్రోమైడ్ టానిక్ తెచ్చి ఇచ్చాడు. రోజుకు చెంచాడు చాలని సీసా మీద రాసి ఉంది. ఈ మనిషి కోపానికి చెంచా ఏ మూలకని ఆవిడ గరిటెతో పోసింది. తియ్యగా ఉండటంతో ఆయనా కాదనలేదు.

కొన్ని నెలలకు ఇల్లు స్వర్గమైంది. టీ చల్లారినా ఆయన తాగేవాడు. అసలు ఇవ్వకపోయినా అడిగేవాడు కాదు.

"ఏం మంత్రం వేశావు వదినా? మా ఆయనకీ కాస్త వెయ్యకూడదూ!" అని పక్కింటావిడ గోడ మీంచి బతిమాలేది. మాస్టారి భార్య పొంగిపోయేది.

షాపులో మాత్రం కోట్లకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి రాసాగాయి. మాస్టారు ఎండాకాలంలో శాలువా కప్పుకుని, ఉబ్బిన మొహంతో, బట్ట మీద సుద్దముక్క ఆనించి అలాగే కునికేవాడు. చివరికి యజమాని "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండండి మాస్టారూ" అన్నాడు. ఆయన సరేనని వచ్చేశాడు. ఆ 'సరే' సంగతి విన్నాక భార్యకు భయం వేసింది. పని పోతున్నా కోపం రాని ఈ మనిషెవరో ఆవిడకు తెలియలేదు.

డాక్టరమ్మ ఆయన మెడ తడిమి, సీసా చూసి, రక్తపరీక్షలు చేయించింది.

"థైరాయిడ్ బాగా మందగించిందమ్మా. దానికి అయోడిన్ కావాలి. ఈ బ్రోమైడ్ అయోడిన్‌కి దాయాదిలాంటిది. మోతాదు మించితే దాని వాటాలో దూరి దాన్నే బయటికి గెంటేస్తుంది. ఉప్పు తింటుంటే ఇదంతా మూత్రంలో పోయేది. మీరు ఉప్పు మానిపించారు, దాంతో వచ్చే అయోడినూ పోయింది."

"మీరే కదండీ ఉప్పు..."

"తగ్గించమన్నాను. అటకెక్కించమన్నానా?"

"గరిటెతో నేనే పోశానండీ" అని ఆవిడ బావురుమంది. మాస్టారు ఓదార్చనూ లేదు, కసరనూ లేదు.

టానిక్ ఆగింది. సెలైన్ ఎక్కింది, మాత్రలు వచ్చాయి, ఉప్పు అటక దిగింది. ఆవిడ రోజూ భర్త మొహం చూస్తూ కూర్చునేది. వారాలు గడిచినా ఆ మొహంలో చలనం లేదు.

ఒక సాయంత్రం ముందుగదిలోంచి కేక వినబడింది.

"నా కత్తెరతో మాత్రల అట్ట కోసిందెవరే? బట్ట కోసే కత్తెరతో అట్ట కోస్తారా? రేపు షాపుకి ఏం మొహం పెట్టుకుని వెళ్లాలి?"

వీధి చివర కుక్క లేచి కూర్చుంది. పక్కింటావిడ గోడ మీంచి జాలిగా చూసింది.

"మందు అయిపోయిందా వదినా?"

"నయమైంది వదినా!" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"అక్కడేం ముచ్చట్లు? టీ ఏదీ?" అని లోపలినుంచి మరో కేక.

ఆవిడ టీ కాచింది. పొయ్యి పక్కనే నిలబడి, అది చల్లారేదాకా ఆగి, అప్పుడు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చింది.