ఎడమచేతి వైపు ఇల్లు

మా పక్కింటాయన పోయారని శనివారం పొద్దున వాళ్ళమ్మాయి వచ్చి చెప్పింది. "నిజంగానా?" అన్నాను. చావు కబురుని కూడా అనుమానించే బుద్ధి నాది. ఆయన వింటే తప్పుపట్టేవారు కాదు, ఆయనదీ అదే బాపతు.

ఈ దేశం వచ్చాక, బాతెల్ అనే ఊళ్ళో ఈ ఇల్లు కొనేముందు, ఫోన్లలో దిక్సూచి ఇంకా రాని రోజుల్లో, వాస్తు కోసం దిక్సూచి పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాను. గుమ్మం తూర్పుకి లేకపోతే వద్దని మా ఆవిడ పట్టు. ఆయన నార్వే నుంచి వచ్చి, చేపల పడవల మీద పనిచేసి రిటైరైన మనిషి. కంచె అవతల నిలబడి, "హద్దు కొలుస్తున్నావా?" అన్నారు. కాదు, గుమ్మం ఏ దిక్కో చూస్తున్నానంటే నమ్మలేదు. అయినా దారి చెప్పారు:

"కారు పక్కన ముల్లు అబద్ధం చెబుతుంది. పొద్దు పొడిచే వైపు తిరుగు. ఎడమచెయ్యి ఉత్తరం. మా భాషలో ఉత్తరాన్ని 'నూర్' అంటాం. ఎడమ అనే పాత మాట నుంచి వచ్చిందంటారు. ఖాయంగా ఎవరికీ తెలీదు."

నా ఎడమచేతి వైపు ఉన్నది ఆయన ఇల్లే. నేను కంచె జోలికి రాకుండా కథ అల్లుతున్నాడనుకున్నాను. ఫోన్లో మా నాన్నని అడిగితే, "మనకీ అంతే గదరా! దక్షిణమంటే కుడి. తూర్పుకి తిరిగి చూసుకో" అన్నారు. అది పక్కింటాయనకి చెబితే, ఈసారి నమ్మకపోవడం ఆయన వంతు. వారం తర్వాత లైబ్రరీ పుస్తకం పట్టుకొచ్చి, "నువ్వు చెప్పింది నిజమే" అన్నారు, కాస్త నిరాశగా.

తర్వాత పదకొండేళ్ళు ఇరుగుపొరుగుగా ఉన్నాం. కిటికీ బ్లైండ్స్ పట్టీని వేలితో వంచి ఆయన మా ఇంటివైపు చూసేవారు. "మళ్ళీ చూస్తున్నాడండీ" అనేది మా ఆవిడ. మేం ఇండియా వెళ్ళిన ప్రతిసారీ, "తాళంచెవి ఇచ్చి వెళ్ళు, మొక్కలకి నీళ్ళు పోస్తాను" అనేవారు. ఒక్కసారీ ఇవ్వలేదు. ఎందుకైనా మంచిదని.

"మీరు లేనప్పుడు నాన్న రోజూ రెండుపూటలా మీ ఇంటి చుట్టూ తిరిగి చూసొచ్చేవారు" అంది వాళ్ళమ్మాయి, శనివారం ఆ కబురు చెప్పాక. "మీకు చెప్పొద్దనేవారు. నమ్మరని."

సిగ్గేసింది. అంతటి మనిషికి ఒక తాళంచెవి ఇవ్వలేకపోయాను.

ఆదివారం పొద్దున గుమ్మంలో తూర్పుకి తిరిగి నిలబడి ఎడమచెయ్యి చాపాను. ఆయన కిటికీలో బ్లైండ్స్ పట్టీ ఒకటి వంగి, అలాగే ఉంది. లోపలికొచ్చి చూస్తే, అటువైపున్న మా కిటికీలోనూ ఒక పట్టీ మా వేళ్ళకి అలాగే వంగి ఉంది.