ముళ్ళు లేని గడియారం

డుంబ్రిగుడకు అవతల, కాఫీ తోటల మధ్య ఉన్న సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్‌ఎంని. పుట్టి పెరిగింది సాలూరులో. కొండ మీదకు పోస్టింగ్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో కాన్పులు చేశాను, పాము కాటు పడ్డవాళ్ళను ఒళ్ళో పెట్టుకుని జీపుల్లో తీసుకెళ్ళాను. అప్పుడు కూడా భయపడ్డాను. కానీ ఆ భయం పనితోపాటే పోయేది. ఒక చేతి గడియారం నా దగ్గర ఉన్న మూడు రోజుల భయం వేరు.

ఆ రోజు బుధవారం, టీకాల రోజు. పొగమంచు అప్పుడే విడుతోంది. వరండాలో తల్లులు పిల్లల్ని పట్టుకుని కూర్చున్నారు. మా ఆశా కార్యకర్త కార్డులు చూసి ఒక్కొక్కరినే పిలుస్తోంది. ఆమెది పక్క ఊరే, రైతు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఆమె నన్ను సిస్టరమ్మ అంటుంది. ఇంతలో ఒక కారు ఆగకుండా హారన్ కొట్టుకుంటూ వచ్చింది. డ్రైవరు, ఇంకొకాయన కలిసి వెనక సీటులోంచి ఒక మనిషిని దించారు. యాభై ఏళ్ళుంటాయి. ముఖమంతా ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. గొంతులోంచి ఈల లాంటి శబ్దం వస్తోంది.

"కొండ మీద ఫోటోలు తీసుకుంటుంటే తేనెటీగలు లేచాయండీ" అన్నాడు వెంట వచ్చిన స్నేహితుడు. అతనికీ నాలుగైదు కుట్టాయి కానీ నిలబడే ఉన్నాడు.

టీకా వికటిస్తే వాడడానికని మా దగ్గర ఒక కిట్ ఉంటుంది. అందులోని అడ్రినలిన్ ఎలా ఇవ్వాలో ప్రతి ట్రైనింగ్‌లోనూ చెప్పించుకున్నాను. ఇవ్వాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. గాజు ఆంప్యూల్ మెడ విరిచాను. ప్రభువా, ప్రభువా అనుకుంటూ అర మిల్లీలీటరు సిరంజిలోకి లాగి, ప్యాంటు మీద నుంచే తొడలో పొడిచాను. మా పీహెచ్‌సీ డాక్టరుగారికి ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. డ్రైవరు సిగ్నల్ కోసం గట్టు మీదకు పరుగెత్తి 108కి చెప్పాడు.

అప్పుడు అక్క అంది, "సిస్టరమ్మా, సెయ్యి సూడండి."

ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర రెండుగా చీలినట్టుంది. గడియారం చుట్టూ మాంసం పొంగిపోయింది. వేళ్ళ చివర్లు నీలంగా మారుతున్నాయి. పట్టీ లోహంది. పిన్ను లేదు, కొక్కెం లేదు, చుట్టూ ఎక్కడా అతుకు కనిపించడం లేదు.

"జాగ్రత్తండీ, అది చాలా ఖరీదైంది. దాని కోసం వాడు నాలుగేళ్ళు ఎదురుచూశాడు" అన్నాడు స్నేహితుడు.

"ఎలా తియ్యాలో తెలుసా మీకు?"

"తెలీదు."

"అయితే పక్కకు జరగండి" అన్నాను. అంత గట్టిగా అన్నందుకు నాకే భయమేసింది.

అక్క కొబ్బరినూనె సీసా తెచ్చి మణికట్టు మీద పోసింది. నేను గోటితో పట్టీ అంతా తడుముకుంటూ పోయాను. కింది వైపు, ఇటొకటి అటొకటి, ఆవగింజంత గుంటలు రెండు తగిలాయి. ఒకటి నొక్కితే ఏమీ కాలేదు. రెండూ కలిపి నొక్కితే పట్టీ చప్పుడు లేకుండా విచ్చుకుంది. అది వదిలిన చోట చర్మం మీద ఎర్రటి గాడి పడింది. గడియారాన్ని తుడవకుండానే ఏప్రన్ జేబులో పడేసి ఆయన చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను.

ఊపిరి ఇంకా తేలిక పడలేదు. రెండో ఇంజెక్షన్ ఇచ్చాను. అంబులెన్స్ వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. స్నేహితుడు ఆయనతోపాటు ఎక్కాడు, కారు వెనకే వెళ్ళింది. నేను లోపలికి వచ్చి మిగిలిన పిల్లలకు టీకాలు వేశాను.

పని అయ్యాక కూర్చుంటే పక్కటెముకల దగ్గర ఏదో సన్నగా రొద. తేనెటీగ బట్టల్లో దూరిందనుకుని కెవ్వుమని లేచాను. జేబులో గడియారం.

దాన్ని బల్ల మీద పెట్టి ఇద్దరం చూశాం. మా నాన్నగారి గడియారం టిక్కు టిక్కుమనేది. ఇది టిక్కుమనడం లేదు, జుమ్మంటోంది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, ఎండిన చింతకాయలాగా ఉంది. ముళ్ళు లేవు. ఒకదాని లోపల ఒకటి రెండు చక్రాలు, ఒక్కోదాని మీద ఒక్కో తెల్ల చుక్క. మధ్యలో అద్దం కింద నల్లని నీలం రంగులో పల్చటి రేకు, వెంట్రుకంత సన్నని కాళ్ళ మీద నిలబడి, కంటికి అందనంత వేగంగా వణుకుతోంది. కీ తిప్పే మర కోసం పక్కలన్నీ చూశాను. అదీ లేదు.

"ఏటమ్మా ఇది? పానమున్నట్టు కొట్టుకుంతంది" అంది అక్క, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

వాళ్ళ ఫోన్ నంబరు నేను రాసుకోలేదు. అంబులెన్స్ వాళ్ళను అడిగితే పెద్దాసుపత్రిలో దించామన్నారు, తర్వాత సంగతి తెలీదన్నారు. డాక్టరుగారికి సాయంత్రం ఫోన్ కలిసింది. "రిజిస్టర్లో రాసి భద్రంగా ఉంచండి. ఏదైనా తేడా వస్తే బాధ్యత మీదే" అన్నారు. అవి మామూలు మాటలే, కానీ ఫోన్ పెట్టేసిన వెంటనే రిజిస్టర్లో రాశాను.

సబ్‌సెంటర్ బీరువాకు తాళం సరిగా పడదు. ఇంట్లో పెడదామంటే నేనుండేది అద్దె గది. చివరికి దూదిలో చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, జాకెట్ లోపల దాచుకున్నాను. స్నానానికి వెళ్తే తలుపు గడియకు తగిలించి, నీళ్ళు పోసుకుంటూ దాన్నే చూసేదాన్ని. గురువారం గడప గడపకూ తిరిగేటప్పుడు వాగు దాటాలి. రాళ్ళ మీద అడుగు వేస్తూ గుండె మీద చెయ్యి తియ్యలేదు. ఎవరు పలకరించినా ఉలిక్కిపడ్డాను. కానీ అసలు భయం గడియారం పోతుందని కాదు. ఆయన ఏమయ్యాడో తెలీదు. మందు సరిపోయిందా? ఆలస్యం చేశానా? రెండోసారి ఇవ్వకూడదా? ట్రైనింగ్ పుస్తకం పదిసార్లు తిరగేశాను. అన్నీ సరిగ్గానే చేసినట్టుంది. అయినా నమ్మకం కుదరలేదు.

శుక్రవారం ఉదయం గడియారం ఆగిపోయింది.

సంచి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. బయటికి తీసి ఎండలో చూశాను. ఆ నీలం రేకు కదలకుండా ఉంది. నూనె లోపలికి పోయిందేమో. నా చెమట తగిలిందేమో. పట్టీ తీసేటప్పుడు ఏదైనా విరిగిందేమో. ఇవన్నీ అనుకుంటూనే, వాటి వెనక ఇంకో మాట వచ్చి నిలబడింది: ఆయన పోయాడు. నేను చదువుకున్నదాన్ని, అలాంటివి నమ్మను. ఆ ఉదయం మాత్రం నమ్మాను. అక్క నా ముఖం చూసి, వచ్చి నా పక్కన కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం అదే కారు వచ్చింది. ముందు స్నేహితుడు ఒక్కడే దిగాడు. నవ్వడం లేదు. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

"ఆడు బతికున్నాడా నేదా, అది సెప్పండి బేగి!" అని అక్క గట్టిగా అరిచింది.

అతను తెల్లబోయి కారు వైపు చూపించాడు. వెనక తలుపు తెరుచుకుంది. ఆయన నెమ్మదిగా దిగాడు. ముఖం ఇంకా కందిపోయి ఉంది, ఎడమ చేతికి కట్టు. రెండు అడుగులు వేసి నమస్కారం పెట్టాడు. నేను బెంచీ మీద కూలబడ్డాను.

"గడియారం ఆగిపోయిందండీ" అన్నాను, సంచి విప్పి ఆయనకు ఇస్తూ. మొదటి మాటే అది. "నేను పాడుచేశాననుకుంటా."

"ఆగకపోతేనే ఆశ్చర్యం. రెండు రోజులకు మించి నడవదు. కీ ఇవ్వాలి కదా" అన్నాడాయన. దాన్ని తిరగేసి వెనక అంచు చూపించాడు. అక్కడ సన్నని గాట్లతో ఒక రింగు ఉంది. "ఇది తిప్పండి. భయపడకండి."

తిప్పాను. వేలి కింద చిన్న చిన్న మెట్లు ఎక్కుతున్నట్టు తగిలింది. నాలుగో మెట్టుకు ఆ రేకు ఒక్కసారి ఝల్లుమని వణకడం మొదలుపెట్టింది. మామూలు గడియారంలో ఎన్నో ముక్కలు కలిసి చేసే పని ఇందులో ఆ ఒక్క రేకే చేస్తుందని, దానికి నూనె కూడా అక్కర్లేదని ఆయన చెప్పాడు. ఒక పెద్దమనిషి తన పసిపిల్ల గురించి చెబుతున్నట్టుంది.

"ఇంతకీ టైమెంతయింది బాబూ?" అంది అక్క, తొంగి చూసి.

ఆయన చుక్కల వైపు చూశాడు, తర్వాత మా గోడ గడియారం వైపు చూశాడు. "ముందు సరిచెయ్యాలమ్మా" అన్నాడు. అందరం నవ్వాం. నా నవ్వు మధ్యలో ఏడుపైపోయింది.

వెళ్ళేముందు ఆయన అడిగాడు, "పెద్దాసుపత్రి డాక్టరు చెప్పారు, ఆ ఇంజెక్షన్ పడకపోతే దారిలోనే పోయేవాడినని. ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చుంటారు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మీరే మొదటివారండీ" అన్నాను.

ఆయన ముఖంలో రంగు మారింది. బెంచీ మీద నా పక్కనే, కొంచెం దూరంగా కూర్చున్నాడు. అక్క లోపలికి వెళ్ళి మా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది.