ఎల్లేశం బావ కారు కింద మరక

మా బావ ఎల్లేశం ఇనుప కడ్డీతో ఒక్కసారి తడితే చాలు, బొగ్గు బాయి పైకప్పు తన పుట్టిన తేదీతో సహా చెప్పేస్తుంది. కూలాలని మనసులో ఉంటే ముందుగా ఆయనకు సెలవు చీటీ ఇచ్చి, ఆయన షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇంటికి చేరాకే కూలుతుంది. నమ్మకపోతే సెంటినరీ కాలనీలో ఎవరినైనా అడగండి. వాళ్లలో సగం మందికి ఈ సంగతి చెప్పింది నేనే.

నేను పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో మానేశాను. నేను వెళ్లిపోయిన దెబ్బకు ఆ కాలేజీ ఇంకా కోలుకోలేదని వింటుంటాను. కాబట్టి యంత్రాల విషయంలో నా మాట కాస్త నమ్మవచ్చు.

బొగ్గు తీసిన చోట పైన బండ ఊడిపడకుండా బోల్టులు దించడం బావ పని. ఇద్దరు కలిసి చేయాలి. ఒకడు బోల్టు బిగిస్తాడు. రెండోవాడు కడ్డీతో పైకప్పును తట్టి, చప్పుడు విని, ‘చూసిన’ అంటాడు. ఆ మాట పడ్డాక మొదటివాడు మళ్లీ తట్టడు. తట్టాడంటే జోడీదారు ముఖాన ఉమ్మినట్టే. ఏ కాగితం మీదా లేని మర్యాద ఇది. బావకు ఇరవై రెండేళ్లుగా జోడీ వీరేందర్. వీరేందర్ ‘చూసిన’ అన్నాడంటే బావ ఆ బండ కింద కూర్చుని టిఫిన్ విప్పేవాడు.

పోయిన ఏడాది బావ ఒక పాత తెల్ల కారు కొన్నాడు. పెళ్లినాడు మా అనసూర్యక్క మెడలో వేసిన దండకంటే పెద్ద దండ దానికి వేశాడు. అక్క ఆ సంగతి ఇంకా మరచిపోలేదు. ఈ ఎండాకాలం మొదట్లో ఇంజన్ ఆయిల్ తనే మారుస్తానని కూర్చున్నాడు. ఫోన్లో పదకొండు వీడియోలు చూశాడు. ఆరు హిందీ, మూడు తమిళం, రెండింటిలో అసలు మాటలే లేవు. మాటలు లేనివే బాగా అర్థమయ్యాయట.

“నజీర్ భాయ్ షెడ్డుకు తీస్కపోరాదు బావా, అరగంటల అయిపోతది,” అన్నాను.

“వెయ్యి అడుగుల కింద బోల్టు బిగించెటోనికి గీ బోల్టు ఒక లెక్కనారా?”

“గది బండ బావా, గిది ఇంజను.”

“రెండు గూడ పైకి చూసుకుంటనే బిగించాలె. నువ్వు చాయ్ పట్టుకరాపో.”

ఆదివారం పొద్దున, క్వార్టర్ ముందు, ఎండ ముదరకముందే కారు కింద దూరాడు. అప్పుడే వీరేందర్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. బసంత్‌నగర్‌లో పెండ్లికి పోతూ దారిలో ఆగాడు. బావ పాత ఆయిల్‌ను ఒక తొట్టిలోకి దించాడు. పాత ఫిల్టర్ విప్పి అదే తొట్టిలో పడేశాడు. ఫిల్టర్ అంచుకు ఒక రబ్బరు రింగు ఉంటుంది. మామూలుగా పాత ఫిల్టర్‌తోపాటే ఊడొస్తుంది. ఒక్కోసారి మాత్రం రాకుండా ఇంజన్‌కే అతుక్కుంటుంది. దాన్ని తీయకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఆయిల్‌ను ఆపవు. ఇది ఆ మాటల్లేని వీడియోల్లోనే ఉంది.

బావ బయటికొచ్చి కొత్త రింగుకు ఆయిల్ రాస్తూ, “తమ్మీ, ఇంజన్‌కు పాత రబ్బరు అతుకున్నదేమో, జర వంగి చూడు,” అని వీరేందర్‌కు చెప్పాడు.

నేను లోపల చాయ్ పోస్తున్నాను. వీరేందర్ జవాబు లోపలికే వినిపించింది.

“చూసిన అన్న. సాఫ్ ఉన్నది.”

బావ ఫిల్టర్ బిగించాడు, కొత్త ఆయిల్ పోశాడు. బండి స్టార్ట్ చేసి ఒక నిమిషం విన్నాడు. ఆ రోజు ఆయన నడక చూడాలి. కలెక్టర్ వచ్చినా పక్కకు జరిగి దారివ్వాల్సిందే.

సోమవారం తెల్లారి చూస్తే కారు కింద అన్నం పళ్లెమంత మరక.

బావ దాన్ని వేలితో రాసి చూశాడు. “నా చెయ్యే తప్పింది,” అన్నాడు. షిఫ్టు నుంచి వస్తూనే కారు కింద దూరి, ఆయిల్ దిగే బోల్టును ఇంకో చుట్టు బిగించాడు. ఎక్కువ బిగించి మర పాడు చేశానేమోనని సాయంత్రమంతా దిగులు. బోల్టు వాషరు తిరగేసి వేశానేమో. ఆయిల్ ఎక్కువ పోశానేమో. మంగళవారం అట్టముక్క పరిచాడు, బుధవారం మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాడు. అన్నం ముందు కూర్చుని వేళ్లతో గాలిలో బోల్టులు తిప్పేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క బోల్టూ వదులుగా బిగించనివాడు. ఇంజన్ పోతే పోయింది, తన చేతుల మీద తనకు నమ్మకం పోతోందని నాకు అర్థమైంది.

“ఫిల్టర్ విప్పి చూడు బావా,” అన్నాను.

“అది వీరేందర్ చూసిండురా.”

బుధవారం రాత్రి మళ్లీ చెప్పాను. ఈసారి కోపమొచ్చింది. “చెప్తుంటె అర్థం గాదా? చూసిండని చెప్పిన!”

“ముందు నువ్వు మంచం మీద పండు,” అంది అక్క. “నాలుగు దినాలసంది కారు కిందనే కాపురం పెట్టినవు.”

గురువారం నజీర్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్లాం. నజీర్ భాయ్ ముప్పై ఏళ్లుగా మెకానిక్. కింద దూరి ఫిల్టర్ విప్పి ఒక్కటే నవ్వు.

“అరె ఎల్లేశం భాయ్, డబల్ రబ్బర్ పెట్టినవ్ క్యా? పాతది ఇంజన్‌కే ఉన్నది చూడు. కొత్తగ చేసెటోళ్లందరి గల్తీనే ఇది. ఇంజన్‌కు ఏం కాలె, ఫికర్ చెయ్యకు.”

నేను కూడా నవ్వాను. బావ నవ్వలేదు. చదునుగా నలిగిన ఆ నల్ల రింగును అరచేతిలో పెట్టుకుని వేలితో అంచు తడిమాడు. తన చేతి తప్పు కాదని తెలిస్తే ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ముఖం మాత్రం సోమవారంకంటే పాడైంది.

అక్కడి నుంచి నేరుగా వీరేందర్ క్వార్టర్‌కే పోయాం. వీరేందర్ వాకిట్లో కూలర్‌లో నీళ్లు పోస్తున్నాడు. బావ రింగు చూపించాడు.

“ఆదివారం చూసినవా తమ్మీ?”

వీరేందర్ రింగును, బావను చూసి పెద్దగా నవ్వాడు. “ఏడ అన్న! ఇస్త్రీ అంగి మీద ఎట్ల వంగుత? నీ పని ఎన్నడు తప్పు పోదు గదా అని, ఉత్తగనే ‘చూసిన’ అని చెప్పిన. గంత దానికే నడిఎండల వచ్చినవా?”

“బాయిల గూడ గట్లనేనా?”

“థూ! బాయి వేరే అన్న.”

“ఎంత వేరే?”

వీరేందర్ నవ్వు ఆగింది. బకెట్ కింద పెట్టాడు. “నీతోని అబద్ధమెందుకు... చానాసార్లు చూస్త.”

కూలర్ కింద నీళ్లు కారుతున్నాయి. బావ “చానాసార్లు,” అని తనలో తాను ఒకసారి అనుకున్నాడు.

“అన్న, గట్ల చూడకే. గిన్నేండ్లల ఏమన్న అయ్యిందా?”

బావ రింగును అతని వాకిలి గద్దె మీద పెట్టి వెనుదిరిగాడు. దారిలో నేను రెండు జోకులు వేశాను. రెండూ మంచివే. ఒక్కదానికీ తల తిప్పలేదు.

మర్నాడు మొదటి షిఫ్టులో ఏం జరిగిందో నేను చూడలేదు గానీ, నాకంటే బాగా ఎవరూ చెప్పలేరు. వీరేందర్ తట్టి ‘చూసిన’ అన్నాడు. బావ అతని చేతిలోంచి కడ్డీ లాక్కుని, పదిమంది చూస్తుండగా పైకప్పును కొట్టాడు. ఆ దెబ్బకు బాయి దద్దరిల్లింది. రామగుండం స్టేషన్‌లో ఆగిన రైలు జెండా ఊపకుండానే కదిలింది. వీరేందర్ గజగజ వణుకుతూ కాళ్ల మీద పడ్డాడు.

ఇంతవరకు రాసి బావకు చదివి వినిపించాను. ఒక్కచోట కూడా నవ్వకుండా మొత్తం విన్నాడు.

“ఏం దద్దరిల్లలేరా. మెల్లగనే కొట్టిన. ఎవ్వడు కాళ్ల మీద పడలె. ఆ దినం వాడు నిజంగనే చూసిండు, కప్పు మంచిగనే ఉండె. అయినా మల్ల కొట్టి చూసిన. ఇగ రోజు కొడ్త.”