పలక రాయి మీద నాదస్వరం

ముప్పై ఏళ్లకు పైగా పొలాల గట్లు కొలిచి, జానెడు తేడా కూడా రానివ్వని సర్వేయరు ఒకడు, సొంత ఇంట్లో, సొంత చెవులతో, పదిసార్లకు పదిసార్లూ తప్పు చెప్పగలడా? చెప్పగలడు. చెప్పాను. ఆ ఘోరాన్నే ఇప్పుడు వివరించబోతున్నాను. నవ్వదలచినవారు ముందే కాసిని మంచినీళ్లు దగ్గర పెట్టుకోవలసిందిగా మనవి.

రిటైరైన కొత్తలో నాకు రికార్డు ప్లేయరు మోజు పట్టింది. మార్కాపురంలో మా ఇంటి ముందుగదిలో అప్పటికే ఒక ప్లేయరు ఉన్నది. అది మా మామగారి పెట్టె. రంగు పోయి, మూత సగం విరిగి, తాలూకా కచేరీలో పాత బీరువాలా ఉండేది. నేను నిగనిగలాడే కొత్త యంత్రం తెప్పించాను. అలమర మీద చోటు మాత్రం ఒక్కదానికే ఉన్నది. పాతదాన్ని అటకెక్కిద్దామన్నాను.

మా ఆవిడ నడుం మీద చేయి వేసుకున్నది. “మా నాయన పెట్టె ఏం పాపం చేసిందయ్యా? అదీ తిరిగేదే, ఇదీ తిరిగేదే.”

“తిరగడం ఒకటే కావచ్చు. శబ్దం ఒకటి కాదు.”

తర్లుపాడులో జీవాలు మేపుకునే మా బావమరిది ఓబులేసు ఆ రోజు మా ఇంటికి వచ్చి ఉన్నాడు. అతడు పకపకా నవ్వినాడు. “ఏంది బావా! రికార్డు అదే, స్పీకర్లు అవే. మధ్యలో తిప్పేదానికి పాట గురించి ఏం తెలుస్తాది? బావి గిలక మారిస్తే నీళ్ల రుచి మారతాదా?”

“మారుతుంది,” అన్నాను. నీళ్ల సంగతి నాకు తెలియదు. కానీ బావమరిది ముందు వెనక్కి తగ్గిన బావ చరిత్రలో లేడు.

“అట్లయితే కండ్లకు గుడ్డ కట్టుకో,” అన్నది మా ఆవిడ. “ఏది కొత్తదో ఏది పాతదో విని చెప్పు. చెప్తే మా నాయన పెట్టెను నేనే అటకెక్కిస్తా. చెప్పలేకపోతే నీది ఎక్కాల.”

ఒక్కసారి సరిగా చెబితే గుడ్డిదెబ్బ అంటారని, పదిసార్లు పరీక్ష పెట్టమన్నాను. అంకెలు మాట్లాడితే మనుషులు నోరు మూసుకుంటారని నా నమ్మకం.

ఇక్కడ నా మేధస్సు రంగప్రవేశం చేసింది. ప్లేయరు కింద బరువైన రాయి పెడితే అదురు తగ్గి, శబ్దం తేటగా వస్తుందని ఎక్కడో చదివాను. వేరే ఊరివాడైతే కింద పెట్టి ఊరుకునేవాడు. నేను మార్కాపురంవాణ్ణి. దేశంలోని పిల్లలకు పలకలిచ్చిన ఊళ్లో పుట్టి, రాయిని కిందే ఉంచుతానా? కింద పెడితేనే ఇంత మేలైతే, పైన పెడితే ఎంత మేలు!

పలకలు కోసే ఫ్యాక్టరీకి వెళ్లి, రికార్డంత గుండ్రటి బిళ్ళ కోయించాను. కోసినతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. “ఏందన్నా ఇది? గుండ్రటి పలక మీద పిలకాయలు ఏం రాస్తారు?”

“సంగీతం,” అన్నాను గంభీరంగా.

కొత్త ప్లేయరు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో స్టాప్‌వాచీతో కొలిచాను. సరిగ్గా ముప్పైమూడు చుట్లూ, పైన మూడోవంతు. తరువాత దాని చక్రం మీద రాతిబిళ్ళ ఎక్కించి, రసమట్టం పెట్టి చూశాను. బుడగ నడిమధ్యలో నిలిచింది. ఇక లోకంలో కొలవవలసినది ఏదీ మిగలలేదని చేతులు దులుపుకున్నాను.

ఆదివారం ఉదయం పరీక్ష. కండ్లకు తువ్వాలు కట్టుకొని గోడవైపు తిరిగి కూర్చున్నాను. వెనుక మా ఆవిడ నాణెం ఎగరేసేది. బొమ్మ పడితే కొత్తదాని మీద, బొరుసు పడితే పాతదాని మీద ఓబులేసు నాదస్వరం రికార్డు పెట్టేవాడు. నేను సరిగా చెబితే ఒక పళ్లెంలో, తప్పు చెబితే మరొక పళ్లెంలో ఆవిడ చింతగింజ వేయాలి.

మొదటిసారి నాదస్వరం పెళ్లికొడుకు గుర్రంలా దూకింది. “కొత్తది!” అన్నాను. గింజ టంగుమన్నది.

రెండోసారి అదే నాదస్వరం, మూడు రోజులుగా అన్నం పెట్టని పెళ్లింట్లో ఊదినట్టు జీరగా, నిద్రమత్తుగా సాగింది. “పాతది! మీ నాయన పెట్టె ఆవులిస్తున్నదే!”

మా ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. దుఃఖమనుకున్నాను. ఓబులేసు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు గురగురమన్నాడు. ఆశ్చర్యమనుకున్నాను.

ఆరోసారికి రెండు స్వరాలు వింటే చాలు, తీర్పు చెప్పేస్తున్నాను. మధ్యమధ్య ఉపన్యాసం కూడా. “ఓబులేసూ, ఇట్లాంటి చెవులు ఎక్కడైనా చూసినావురా?”

“లేదు బావా, మా జీవాల మీద ఒట్టు! ఇట్లాంటి చెవులు యాడా చూడలా!”

పదోసారి అయింది. తువ్వాలు విప్పాను. ఒక పళ్లెంలో పదికి పది గింజలు. రెండోది కడిగి బోర్లించినట్టు ఖాళీ.

“అన్నీ సరైనవేనా?”

“అన్నీ తప్పే బావా!” అని ఓబులేసు చాప మీద పడి దొర్లినాడు.

ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టడం సామెత. సాము చేసి ఆ ముసలమ్మ చేతనే తన్నులు తినడం నా చరిత్ర.

స్టాప్‌వాచీ తీసి పరుగెత్తాను. రాతిబిళ్ళ బరువుకు కొత్త ప్లేయరు బెల్టు జారిపోతున్నది. చుట్లు ముప్పైయొకటి! ఆవులించింది నా కొత్తదే! రాయి ఎక్కించక ముందు కొలిచాను, ఎక్కించాక కొలవలేదు. గట్టు జరిగిన తరువాత పాత కొలతతో పటం గీసిన సర్వేయరు ఎవడైనా నా కంట పడి ఉంటే, వాడి ఉద్యోగం ఊడేదాకా నిద్రపోయేవాణ్ణి కాదు.

అయితే, పాఠకులారా, అంకెలను నమ్మినవాణ్ణి అంకెలు విడిచిపెట్టవు. నిటారుగా నిలబడ్డాను.

“ఓబులేసూ, నవ్వు ఆపు. తేడా తెలియనివాడు ఎన్ని తప్పుతాడు?”

“సగం తప్పుతాడు. సగం తగుల్తాది.”

“మరి పదీ తప్పాలంటే?”

ఓబులేసు లేచి కూర్చున్నాడు. వేళ్లు మడిచి చూసుకున్నాడు. “పదిసార్లూ తేడా తెలిసి ఉండాల.”

“తిప్పేదానికి పాట గురించి ఏం తెలుస్తుందన్నది ఎవరు?”

“నేనే బావా.” అతని ముఖం వాడిపోయింది. “అంటే, ఓడిపోయింది నేనా?”

“చిత్తుగా!” అని తువ్వాలు భుజాన వేసుకున్నాను. పదికి పది! బడిలో లెక్కల పరీక్షలోనూ నాకు రాని మార్కులు!

మా ఆవిడ చింతగింజలు కొంగులో పోసుకుంటూ అన్నది: “గెలిచినావయ్యా. తేడా ఉంది, ఒప్పుకుంటి. ఒక్క మాట చెప్పు. పదిసార్లూ ఏది బాగుందని మెచ్చుకున్నావు?”

అంకెలు తెలిసినవాడు అబద్ధం ఆడలేడు. “మీ నాయనదే,” అన్నాను. “అయితే రాయి తీసేసి ఇంకొక్కసారి...”

“తీర్పు చెప్పినంక మళ్లీ కొలవమన్న రైతుకు నువ్వు ఏం చెప్పేవాడివి?”

ఏం చెప్పేవాణ్ణో ఆవిడకు తెలుసు. నిచ్చెన తెచ్చాను. ఓడిపోయిన ఓబులేసు కింద తలవంచుకొని నిచ్చెన పట్టుకోగా, గెలిచిన నేను తల ఎత్తుకొని, నా కొత్త ప్లేయరును చంకన పెట్టుకొని అటకెక్కాను. ఇంత ఎత్తుకు ఎదిగిన విజేత మా వంశంలో మరొకడు లేడు.

ఆ అటక మీదనే, బూజు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట తిరిగే వస్తువు మీద రాయి పెట్టను. పెట్టినా, కొలవకుండా నోరు విప్పను. అన్నింటికన్నా ముఖ్యంగా, మా ఆవిడ “గెలిచినావు” అన్న తరువాత, ఆవిడ మరుప్రశ్న అడిగేదాకా ఆ గదిలో ఉండను.