చెప్పకుండా ఉంచాల్సిన గుర్తు

దినపత్రికలో చాలా ఏళ్లు పనిచేసి, మానేశాక అరకులోయలోనే ఉండిపోయాను. ఊరి చివర మేడ మీద ఒక గదిలో కమ్యూనిటీ రేడియో నడుస్తుంది. వారానికి మూడు రోజులు అక్కడ జీతం లేని అనౌన్సర్‌ని. ప్రతిధ్వని రాకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. మా మాట చుట్టూ ఉన్న కొండల దాకా వెళ్తుంది, కొండ దాటితే ఆగిపోతుంది. ప్రభుత్వ నియమం ప్రకారం ఇలాంటి రేడియోలో మేం వార్తలు రాసి చదవకూడదు. మొదట్లో చేతులు కట్టేసినట్టు ఉండేది. తర్వాత్తర్వాత అదే హాయిగా అనిపించింది. మిరప మొక్కల తెగులు, సంత రోజు బస్సు టైము, తప్పిపోయిన పశువు. వీటి కోసం ఎవరితోనూ పోటీ పడక్కర్లేదు.

తప్పు చేసింది కూడా పశువు విషయంలోనే.

తొలకరి రోజులు. స్టేషన్ వెనక క్యాబేజీ పండించే రైతు ఒకాయన, రైలు పట్టాల పక్కన ఒంటరిగా మేస్తున్న ఎద్దును తోలుకొచ్చి మా పనస చెట్టుకు కట్టేశాడు. రేడియోలో చెప్పండని తన పని మీద వెళ్లిపోయాడు. ఇలాంటివి చూసుకునేది మా అంగన్‌వాడీ టీచరు. కొండ మీది గూడెంలో పుట్టిన మనిషి, సాయంత్రాలు కువి భాషలో కార్యక్రమం చేస్తుంది. ఆ రోజు ఆమె మీటింగుకని పాడేరు వెళ్లింది.

నేనే కిందికి దిగి ఎద్దు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఎర్ర ఎద్దు. నుదుటి మీద చిన్న తెల్లచుక్క. ఎడమ కొమ్ము కొన విరిగింది. మెడలో కర్ర గంట, నీలం ప్లాస్టిక్ తాడుతో కట్టింది. అన్నీ రాసుకుని, ఎక్కడ దొరికిందో, ఇప్పుడు ఎక్కడుందో కలిపి ఆ సాయంత్రం మూడుసార్లు చదివాను. ఏ సబ్ ఎడిటరూ తిరిగి ఒక్క ప్రశ్న అడగలేనంత నిండుగా ఉందని లోలోపల సంతోషపడ్డాను కూడా.

మర్నాడు పొద్దున్నే ఒకాయన వచ్చాడు. నడివయసు, చేతిలో ఖాళీ పలుపు తాడు. ఎద్దు తనదేనన్నాడు. ఎరుపు, నుదుటి మీద చుక్క, విరిగిన కొమ్ము, నీలం తాడు అంటూ గడగడా చెప్పేశాడు. పని ఇంత సులువుగా అయిపోయిందా అనుకుంటూ అతన్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్తుంటే, రోడ్డు మీద నుంచి ఒకామె దాదాపు పరుగున వచ్చింది. ఆమె చేతిలోనూ ఖాళీ తాడే. కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రమట్టి. ఎద్దు తనదేనంది. రెండు రోజులుగా వెతుకుతోందట. చుట్టుపక్కల వాళ్లందరూ సామలు చల్లేసుకున్నారు. జత ఎద్దు ఇంటి దగ్గర ఊరికే నిలబడి ఉంది. నేలలో ఈ తడి పదును ఆరిపోయేలోగా దున్నకపోతే ఆమెకు ఈ ఏడు పంట లేనట్టే.

గుర్తులు చెప్పమన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"అన్నీ నువ్వే సెప్పీసినావు కద బాబూ. ఇంక నానేటి సెప్పాలి?"

ఆ మాటతో నేను చేసిందేమిటో తెలిసింది. అతను చెప్పినవి నా వాక్యాలే. వరస కూడా మారలేదు.

ఇద్దరినీ కూర్చోబెట్టి, రాత్రే పాడేరు నుంచి తిరిగొచ్చిన టీచరుకు ఫోన్ చేశాను. ఆమె వచ్చి, సంగతంతా విని, వాళ్ల ముందే నన్ను నాలుగు దులిపింది. ఇక్కడ పశువు దొరికితే సంతలో 'ఒక పశువు దొరికింది' అని మాత్రమే అంటారట, రంగు కూడా చెప్పరట. మిగతాది వచ్చినవాళ్ల నోట రావాలి.

"పేపరోళ్ల నోట్లో నువ్వుగింజ నానదు సార్. అందుకే ఈ పని మీకు వొదల్లేదు," అంది.

తర్వాత అతన్ని మేడ మీద మా గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. అట్టల గోడలు, లోపలి మాట బయటికి రాదు. అడిగింది ఒక్కటే. కాడికి ఏ పక్కన కడతావు? ఎలపట, అంటే కుడివైపు, అన్నాడట. కిందికొచ్చి అదే ప్రశ్న మట్టికాళ్లతో వచ్చినామె చెవిలో అడిగింది. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"దాపట. ఎలపట కడితే ఇది అడుగెయ్యదు."

దాపట అంటే ఎడమవైపు. క్యాబేజీ రైతు తన కాడీ, ఒక ఎద్దూ తెచ్చాడు. ముందు ఎర్రెద్దును కుడివైపు నిలబెట్టారు. అది కాడి కిందికి మెడ ఇవ్వలేదు. తల విదిలించుకుంది, వెనక్కి నడిచింది, రెండో ఎద్దు వెనకగా చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చి నిలబడింది. అక్కడ, ఎవరూ చెప్పకుండానే, మెడ వంచింది. నేను దాని చుట్టూ రెండుసార్లు కాదు, రోజంతా తిరిగినా నాకు కనపడని గుర్తు అది. కనపడనందువల్లే చెప్పకుండా మిగిలింది.

అతను తన ఖాళీ తాడు చుట్టేసుకున్నాడు. మాది కాదు అని తనే అన్నాడు. అతని ఎర్రెద్దు పోయి వారమైందట. అబద్ధమాడడానికి వచ్చిన మనిషిలా నాకు అనిపించలేదు.

"నువ్వు సెప్తంటే ఇన్నాను. ఇంటంటే నాదే అనిపించీసింది," అన్నాడు నాతో.

ఎద్దు గలామె అతన్ని తప్పుపట్టలేదు. అన్నా, ఎర్రెద్దులన్నీ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి, నీది కూడా దొరుకుతాదిలే అంటూ తన తాడు ఎద్దుకు ముడి వేసింది.

టీ తాగి వెళ్లమన్నాం. పదును పోతాదంటూ ఆమె ఆగలేదు. అతను ఆగాడు. మేడ మీద నా బల్ల ముందు కూర్చుని తన ఎద్దు గుర్తులు చెబుతుంటే వరసగా రాసుకున్నాను. అన్నీ రాశాక, ఇందులో ఏది వదిలేద్దాం అని నేనే అడిగాను. అతను ఒకదాని మీద వేలు పెట్టాడు. దాన్ని కొట్టేశాను. అదేమిటో ఇక్కడ కూడా రాయను.

కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. సన్నగా జల్లు మొదలైంది. ఆమె తాడు వదులుగా పట్టుకుని ఎద్దుకు కుడిపక్కన, జత ఎద్దు నిలబడే చోటున, నడుస్తూ పోతోంది.