పసుపెక్కిన వక్క తలలు

ఫెరార్గంజ్‌లో మా అక్క వక్క తోటను ఆకాశం నుంచి చూసి కాపాడింది నేనే. మా ఊరు ఆస్టినాబాద్ అంతా ఇలాగే చెప్పుకొచ్చాను. పైనుంచి ఫోటో తీసింది మాత్రం పెళ్ళిళ్ళలో డ్రోన్ ఎగరేసే మా పక్కింటాయన.

తోటలో కొన్ని చెట్ల తలలు పసుపెక్కాయి. అంత ఎత్తున తలలన్నీ ఒకదాన్నొకటి కమ్ముకుంటే, కిందనుంచి ఏది ఏదో తెలియదు. తెగులు పాకకముందే తోటంతా కొట్టేయాలని చెట్లు నరికే మనిషి తేల్చేశాడు.

"జబ్బు సెట్లేవో సూపించరా, అవే కొట్టిత్తాను. మిగతావాటి మీద సెయ్యేత్తే ఊరుకోను" అంది అక్క.

ఆ డ్రోన్ ఫోటో తెరవగానే నా పాత కంప్యూటర్ బిగుసుకుపోయింది. మెమరీ చాలలేదు. నేనూ మొండికేశాను. ఫోటోను మొత్తంగా మింగకుండా, పైనుంచి ఒక్కో వరుస చుక్కలు చదివే ప్రోగ్రాం రాశాను. ప్రతి పసుపు మచ్చకూ అది ఒక నంబరు ఇస్తుంది. పై వరుస ఒక్కటే గుర్తుంచుకుంటే చాలు: పసుపు చుక్కకు పైనో పక్కనో మరో పసుపు చుక్క తగిలితే అదే మచ్చ, అదే నంబరు. ఈ పద్ధతి కనిపెట్టింది నేనేనని అందరికీ చెప్పాను. నిజానికి అది పాఠాల్లో ఎప్పటినుంచో ఉన్నదే, నేను టైపు కొట్టానంతే.

చెట్టు తలకన్నా చిన్న మచ్చలు ఎండుమట్టలే కదా, వదిలేయమని ప్రోగ్రాంకు చెప్పాను. ఫలితం రాగానే ఫోన్ చేశాను.

"అక్కా, తోట బిల్కుల్ ఠీక్! ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు."

"మరి గట్టు మీద పసుపుగా ఏలాడతన్నదేటిరా, నీ మొకమా?"

వక్క చెట్టు పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుంది. వరుసగా దిగుతుంటే ముందు మట్టల కొసలు విడివిడిగా తగులుతాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు పడుతుంది. నడిమికి వస్తేగాని అవన్నీ ఒకే చెట్టువని తెలియదు. తెలిశాక వాటిని కలపమని నేను రాయలేదు. జబ్బు చెట్లన్నిటినీ మట్టలుగా చీల్చి పారేశానన్నమాట.

కలిసిన నంబర్లన్నీ ఒకే ఇంటివని గుర్తుంచుకునే చిన్న పట్టిక చేర్చాను. కంప్యూటర్ ఆ బరువు మోసింది. ఈసారి మట్టలన్నీ కలిసి తలలుగా వచ్చాయి. గట్టు వెంబడి పసుపు గుంపు, మిగతా తోటంతా పచ్చన.

మర్నాడు తోటకు వెళ్ళేసరికి నరికే మనిషి కత్తితో సిద్ధంగా ఉన్నాడు.

"చాచా, పూరా కొట్టేస్తే ఝంఝటే ఉండదు, గొడవ వదిలిపోతుంది" అన్నాడు నాతో.

అక్క అతని వైపు చూడనైనా లేదు. కొట్టాల్సిన చెట్లకు గుర్తుగా కట్టడానికి ఎర్రగుడ్డ పీలికలు భుజాన వేసుకుంది.

"సెప్పరా, ముందు ఏ సెట్టు?"

వరుసలు లెక్కపెట్టి చూపించాను. ఆ మొదటి చెట్టు నిండా గెలలతో ఉంది. అక్క తలెత్తి కాసేపు చూసి, మొదలుకు గుడ్డ గట్టిగా ముడేసింది.

"తర్వాతది?"