సునీత చూసింది పుట్టిన చుక్క కాదు

మా సునీత కొత్త నక్షత్రం కనిపెట్టిందని గుంటూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది కొత్తదీ కాదు, కనిపెట్టింది సునీతా కాదు. ఆమెకు ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్‌ని కాబట్టి అసలు సంగతి నేనే చెప్పాలి.

2022, క్రిస్మస్ ముందు. మా డిగ్రీ కాలేజీలో పెద్ద టెలిస్కోప్ లేదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఆకాశం ఫొటోలతోనే ప్రాజెక్టులు చేయిస్తాను. ఒకే చోటి పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ మార్చి మార్చి చూస్తే, కొత్తగా వెలిగింది మినుకుమంటుంది. దీన్ని బ్లింకింగ్ అంటాం. సునీతకు ఇచ్చింది ఒక లెంటిక్యులర్ గెలాక్సీ. పళ్లెంలా ఉంటుంది, కొత్త నక్షత్రాలు పుట్టడం దాదాపు ఆగిపోయిన ముసలి గెలాక్సీ. అందులో ఎప్పుడో నమోదైన సూపర్‌నోవాను, అంటే పేలిపోయిన నక్షత్రాన్ని, వెతకమన్నాను. వెతికింది. పక్కనే రెండోది కూడా చూపించింది.

గబగబా సూపర్‌నోవాల జాబితా తెరిచాను. తీరా చూస్తే, దాన్నీ కొద్ది రోజుల ముందే ఎవరో నమోదు చేశారు. ఈలోపు మిర్చి ఏరే పనికి వెళ్లే సునీత వాళ్లమ్మ మరియమ్మ ఆ కబురు పాస్టరు గారికి చేరవేసింది. క్రిస్మస్ నెలలో కొత్త చుక్క పుట్టిందంటే చర్చి ఊరుకుంటుందా? ఆదివారం కృతజ్ఞత ప్రార్థన, శాలువా, గోపురానికి కట్టే కాగితం నక్షత్రం మీద సునీత పేరు.

శనివారం సునీత నా దగ్గరికి వచ్చింది. “ఊరుకుంటే ఏమవుద్ది మేడమ్?”

“ఏమీ కాదు. నీకు నిద్ర పట్టదు.”

“చెబితే మా అమ్మకు పట్టదండి.”

ఆదివారం నేనూ చర్చికి వస్తానన్నాను.

మర్నాడు శాలువా విప్పగానే సునీత లేచి నిలబడింది. “అయ్యగారూ, ఆ చుక్క పుట్టలేదండి, చచ్చిపోయింది. నాకంటే ముందే వేరేవాళ్లు చూశారు. నేనూ సొంతంగా వెతికి చూశాను, అంతవరకే.”

పాస్టరు గారు శాలువా మడవబోయారు. ముందు వరసలో కూర్చున్న మరియమ్మ లేచింది. “మడవమాకండి అయ్యగారూ. అంత దూరాన చచ్చినదాన్ని ఇక్కడ కూర్చుని చూసింది నా పిల్ల. కప్పండి.”

కప్పారు. చూసినంతే చెప్పాలని ఏటా పాఠం చెబుతాను. అలా చెప్పిన పిల్లకు ఇంట్లో ఒక మనిషి తోడుండాలని ఆ రోజు తెలిసింది.

భోజనాల దగ్గర మరియమ్మ నన్ను పట్టుకుంది, అది దానంతటదే చచ్చిందా, ఎవరైనా చంపారా అని. అలాంటి ముసలి గెలాక్సీల్లో ఎక్కువగా, చల్లారిపోయిన నక్షత్రం తోడున్న ఇంకో నక్షత్రం వల్ల పేలుతుందని చెప్పాను. ఆ తోడు మామూలు నక్షత్రమా, దానిలాగే చల్లారినదా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. సునీత ఇప్పుడు ఎమ్మెస్సీలో అదే చదువుతోంది. నేనూ రోజూ దాన్ని సతాయిస్తున్నాను: చివరి గడియలో ఆ నక్షత్రం పక్కన ఉన్నదెవరే?